అసలు కొనుగోలుదారు

ఆగస్టులో బయానా ఇచ్చాను.
అక్టోబరు రెండో గురువారం హ్రుస్కా ఫోన్ చేశాడు:
"నీ పెట్టె వచ్చింది, ఆర్డిస్."
బడి బస్సును షెడ్డులో పెట్టి
చేతులకున్న డీజిలు వాసనతోనే వెళ్లాను.

దుకాణంలో సగం విత్తనాలు, సగం తుపాకులు,
మధ్యలో కాగి కాగి కషాయమైపోయిన కాఫీ.
అట్టపెట్టె సన్నగా, పొడుగ్గా ఉంది,
నేనేదో కర్టెన్ల కడ్డీ తెప్పించుకున్నట్టు.
హ్రుస్కా కత్తితో టేపు కోశాడు.
నూనె కాగితం విప్పగానే కొత్త ఇనుము వాసన,
ఇంకా ఎవరి భుజమూ ఎరగని వాల్‌నట్ చెక్క వాసన.

మా ఇంట్లో తుపాకులన్నిటికీ వయసుండేది.
తాత గీసుకున్న గీతలు,
నాన్న చెంప చెమటకు నల్లబడ్డ మడమ,
లైల్ అన్న పడవలోంచి జారవిడిచిన నాటి తుప్పు.
అన్నీ కుడిచేతి వాళ్లవి.
నాది పుర్రచెయ్యి.
మూడో తరగతిలో మిస్ ఓస్ట్‌బీ దాన్ని
కుర్చీ వెనక రుమాలుతో కట్టేసింది.
నాన్న కట్టెయ్యలేదు, నవ్వాడంతే.
అరువు తుపాకీ ఎత్తిన ప్రతిసారీ
కాల్చిన తూటా తొడుగు నా ముక్కు ముందునుంచి ఎగిరిపోయేది,
వేడి నలుసులు కంట్లో పడేవి.
"ఫెజంట్ పడ్డప్పుడల్లా ఏడుస్తుందిరా ఇది" అనేవాడు లైల్.
యాభై ఏళ్లు నేను జాలిగుండె దాన్ని.

ఇది అలా కాదు. పక్కన కన్నమే లేదు.
మింగే నోరూ కక్కే నోరూ ఒకటే, పొట్ట కింద.
ఖాళీ తొడుగు తిన్నగా బూట్ల దగ్గర రాలుతుంది.
ఏ చెయ్యి అని అడగదు.

ఫారం అడుగుతుంది, చాలా.
పుట్టిన ఊరు, ఎత్తు, బరువు
(రెండేళ్ల కిందటిది రాశాను),
తర్వాత, ఈ ఆయుధానికి అసలు కొనుగోలుదారు మీరేనా?

పెన్ను అక్కడ ఆగింది.
ట్రాక్టరు కొన్నాను, సంతకం నాది, తోలింది వెర్నన్.
పియానో కొన్నాను,
రెండు పాఠాలకే విసుగెత్తిన కూతురికి.
శవపేటికలు రెండు కొన్నాను. బేరమాడకుండా.
"ఆర్డిస్, అది అంత కష్టమైన ప్రశ్న కాదు" అన్నాడు హ్రుస్కా.
కాదు.
అవును అన్న గడిలో గీత పెట్టాను
ఎడమచేత్తో, సిరా అరచేతి అంచుకు పులుముకునేలా.

ఫోన్‌లో ప్రభుత్వం పన్నెండు నిమిషాలు ఆపింది.
ఈలోగా గోధుమ ధర, అతని మోకాలు,
ఈ ఏడు పక్షులు తక్కువన్న మాట,
ప్రతి ఏడూ తక్కువే కదా అన్న మాట.
అటునుంచి సరేనన్నారు.

"లాగి చూడు."
ముందుచెక్కను వెనక్కి లాగి ముందుకు తోశాను.
కొత్తది కదా, బిర్రుగా ఉంది.
విత్తనాల వైపున్న ఇద్దరు మాట ఆపి తల తిప్పారు.
ఆ చప్పుడుకి ఎవరైనా తిరుగుతారు.
అది నాకు నచ్చలేదు.
కొంచెం నచ్చింది కూడా, దాచడమెందుకు.

నాలుగు నెలల బస్సు డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను.
జేమ్స్ నది వంతెన దాటాక
మొక్కజొన్న కోసేసిన చేలో బండి ఆపి,
మట్టిగట్టు వైపు ఒక్కసారి పేల్చాను.
గాలి ఎదురొచ్చింది. భుజం గుద్దుకుంది.
కన్ను మాత్రం పొడిగా ఉంది.
తొడుగు కాళ్ల దగ్గర, వెచ్చగా,
పెట్ట వదిలేసి పోయిన గుడ్డులా.

రాత్రి వంటింటి దీపం కింద
నూనెగుడ్డతో తుడుస్తుంటే కనబడింది,
ఇనుము మీద ఎవరిదో బొటనవేలి ముద్ర.
ఒహాయోలో ఆ షిఫ్టు చివర
దీన్ని పెట్టెలో పడుకోబెట్టినవాళ్లది కాబోలు.
ఉప్పు చెమట, అప్పుడే ఎర్రబారుతోంది.
వదిలితే తింటుంది ఇనుమును.
గట్టిగా రుద్దాను, పోయేదాకా.

పోయాక గుర్తొచ్చింది,
అది ఏ చేతిదో చూడలేదని.